భోగిమంట పొగలో ఒక చుక్క

మొదటి రోజు: విశాఖ నుంచి విజయనగరం మీదుగా

పండక్కి అత్తారింటికి వెళ్ళే అల్లుడి కారులో కొత్తబట్టలు, స్వీటు డబ్బాలు ఉండాలి. మా కారు డిక్కీలో ఇన్వర్టర్ బ్యాటరీ, ఇనప స్టాండు ఉన్నాయి. వెనక సీటు మీద దుప్పటి చుట్టిన ఎనిమిది అంగుళాల టెలిస్కోపు అడ్డంగా పడుకుంది. దాని పక్కన ఒదిగి మా స్నేహితుడు కూర్చున్నాడు. స్వీటు డబ్బా మా ఆవిడ ఒళ్ళో ఉంది. మధురవాడ దాటేదాకా ఆవిడ మాట్లాడలేదు.

విషయం ఇది. నెప్ట్యూన్‌కి అవతల, మనకి సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఒక మంచుబండ తిరుగుతోంది. దానికి పేరు లేదు, జాబితాలో ఒక నంబరు ఉంది, అంతే. వ్యాసం 170 కిలోమీటర్లు ఉండొచ్చని అంచనా. భోగి నాడు తెల్లవారుజామున 4 గంటల 38 నిమిషాలకి అది సింహరాశిలో, మఖకి దగ్గర్లో ఉన్న ఒక మసక చుక్కకి అడ్డం వస్తుంది. ఖగోళం వాళ్ళు దీన్ని ఆకల్టేషన్ అంటారు. మేం మాలో మేం మాటు అంటాం. చుక్క మాటుపడినప్పుడు ఆ బండ నీడ భూమి మీద పడుతుంది. చుక్క ఎంతో దూరాన ఉంది కాబట్టి నీడ వెడల్పు బండ వెడల్పంతే ఉంటుంది. ఆ నీడ బంగాళాఖాతం మీద నుంచి సెకనుకి సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, శ్రీకాకుళం తీరం దాటి ఒడిశా కొండల్లోకి పోతుంది. చుక్క ఆరిపోయేది మహా అయితే ఎనిమిదిన్నర సెకన్లు.

లెక్కల ప్రకారం ఆ నీడ దారికి నడుమ గీత కళింగపట్నం పక్కనుంచి పోతోంది. మా అత్తగారి ఊరు కళింగపట్నానికి నాలుగు కిలోమీటర్లు. మ్యాపు చూసిన రోజు మా ఆవిడకి చెబితే, "నువ్వు పండక్కి వస్తానన్నావు, అదే చాలు" అంది. అప్పటికి తనకి గొట్టం సంగతి తెలీదు.

విశాఖ నుంచి ఇలాంటి పనికి బయల్దేరినప్పుడల్లా డాబాగార్డెన్స్ గుర్తొస్తుంది. గోడే వెంకట జగ్గారావు 1840లో అక్కడ సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా పోవడాన్ని అక్కడి నుంచి కొలిచాడు. అదీ ఒకటి ఇంకొకదానికి అడ్డం రావడమే. మామగారి టెలిస్కోపు అల్లుడికి దక్కిన కథ అది. మా ఇంట్లో అల్లుడి టెలిస్కోపు మామగారి డాబా ఎక్కబోతోంది.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీ తాగాం. స్తంభం మీది గడియారాన్ని మా స్నేహితుడు తన జీపీఎస్‌తో పోల్చి చూసి పెదవి విరిచాడు. ఈ పనిలో పడ్డవాడికి ఊళ్ళో ఏ గడియారమూ నచ్చదు. నీడ సెకనుకి 20 కిలోమీటర్లు పోతుంటే, సెకనులో పదోవంతు తప్పితే రెండు కిలోమీటర్లు తప్పినట్టే. అందుకే ల్యాప్‌టాప్ గడియారాన్ని నమ్మం. ఉపగ్రహాల టైమే ప్రతి ఫ్రేము మీదా అచ్చుపడాలి.

అతన్ని గంట్యాడ దారిలో వాళ్ళ బాబాయిగారింట్లో దింపాం. సొంత టెలిస్కోపు ముందే బస్సులో పంపించుకున్నాడు. ఇంకో మిత్రుడు సోంపేట దగ్గర బారువ బీచికి అప్పటికే చేరాడు. నీడ పోయే దారికి అడ్డంగా కొలిస్తే బారువ మా అత్తగారి ఊరికి ఉత్తరాన 70 కిలోమీటర్లు, విజయనగరం దక్షిణాన 50. ముగ్గురం ఒకేచోట కూర్చుంటే ముగ్గురికీ ఒకటే గీత వస్తుంది. ఎడంగా కూర్చుంటే ఒక్కొక్కరం ఆ బండని ఒక్కోచోట కోసినట్టు. ఆ కోతలన్నీ కలిపితే ఆకారం తెలుస్తుంది. పదో తరగతి లెక్కల్లో వృత్తానికి జ్యా గీసింది ఇన్నాళ్ళకి పనికొస్తోంది.

చీకటిపడేసరికి అత్తగారింటికి చేరాం. గొట్టం దించుతుంటే ఎదురింటాయన అరుగు మీద నుంచి అడిగాడు. "ఏటి బాబూ, బోరు పైపా?"

రెండో రోజు: చోటు వెతుకులాట, కట్టెల గొడవ

పొద్దున్నే బావమరిదిని బండి మీద ఎక్కించుకుని కళింగపట్నం బీచికి పోయాను. ఇంటర్ చదువుతున్నాడు, పేరు రాయొద్దన్నాడు. వంశధార సముద్రంలో కలిసేచోటు అది. తూర్పున అడ్డేమీ లేదు, ఇసక గట్టిగా ఉంది, సరుగుడు తోపు గాలి ఆపుతుంది. అన్నీ బావున్నాయి, ఒక్క దీపస్తంభం తప్ప. రాత్రంతా తిరిగే ఆ వెలుగు జాలర్లకి దారి చూపిస్తుంది, నా కెమెరాకి మాత్రం గండం. పైగా మన చుక్క ఆ వేళకి పడమటికి వాలి ఉంటుంది. తూర్పు ఖాళీగా ఉంటే నాకేం లాభం? ఇంటి డాబాయే నయమనుకున్నాం.

వచ్చేదారిలో శాలిహుండం కొండెక్కాం. పక్కనే ఉండి ఎక్కకపోతే బావమరిది ఊరుకోడు. పైన ఇటుకల బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. అక్కడే వాడు అసలు ప్రశ్న అడిగాడు.

"అంత పెద్ద టెలిస్కోపులుండగా, ఆ బండ ఎంతుందో చూసి చెప్పలేరా బావా?"

చెప్పలేరు. అంత దూరాన 170 కిలోమీటర్ల బండ ఎంత పెద్ద టెలిస్కోపుకైనా చుక్కలాగే కనిపిస్తుంది. దాని ఒడ్డు కనపడదు. వెనకాల చుక్క ఆరిన క్షణం, మళ్ళీ వెలిగిన క్షణం తెలిస్తే చాలు, వేగంతో గుణిస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి. 2010 నవంబర్‌లో ప్లూటో లాంటి మరుగుజ్జు గ్రహం ఎరిస్ ఒక చుక్కని మాటేసినప్పుడు చిలీలో కొన్ని టెలిస్కోపులు దాన్ని పట్టాయి. ఎరిస్ వ్యాసం 2,326 కిలోమీటర్లని అలాగే తేలింది. అప్పటిదాకా ప్లూటో కంటే అదే పెద్దదనుకునేవారు. 2013 జూన్‌లో చారిక్లో అనే 250 కిలోమీటర్ల బండ చుక్కకి అడ్డం వస్తే, అసలు మాటుకి ముందొకసారి, తర్వాతొకసారి చుక్క చిన్నగా మినుకుమంది. ఆ మినుకులు ఏమిటా అని చూస్తే వలయాలు! అంత చిన్న బండకి వలయాలుంటాయని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

మన కావలూరు కథ కూడా చెప్పాను. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక చుక్కని మాటెయ్యాలి. అమెరికా వాళ్ళు విమానంలో టెలిస్కోపు పెట్టుకుని హిందూ మహాసముద్రం మీద ఎగిరారు. తమిళనాడులో కావలూరు వేధశాల నుంచి భట్టాచార్య బృందం చూసింది. యురేనస్ ఇంకా దగ్గరికి రాకముందే చుక్క ఆగి ఆగి మసకబారింది. యురేనస్ వలయాలు బయటపడ్డది ఆ రాత్రే.

"అంటే మనకి కూడా వలయం దొరకొచ్చా?"

దొరకొచ్చు. మన కెమెరాకి అంత సన్న మినుకు ఆనదులే అని చెప్పలేదు. పండగపూట పిల్లాడి ఆశ మీద నీళ్ళు పొయ్యడమెందుకు.

సాయంత్రానికి కొత్త చిక్కు. మా అత్తగారి వీధి మొదట్లో కుర్రాళ్ళు భోగిమంటకి కట్టెలు పేరుస్తున్నారు. పాత తలుపు రెక్క, తాటి మట్టలు, జీడిమామిడి మొద్దులు నిలువెత్తున లేచాయి. పిల్లలు పిడకల దండలు గుచ్చి గోడలకి వేలాడదీశారు.

"ఎన్నింటికి అంటిస్తార్రా?"

"నాలుక్కే బావు! ఆలస్యమైతే పక్కీధోళ్ళు ముందెలిగించేస్తారు."

నాలుగు నుంచి నాలుగున్నర మధ్య ఊరంతా పొగ. నా చుక్క 13వ మాగ్నిట్యూడ్‌ది, కంటికి ఆనే చివరి చుక్క కంటే కూడా ఆరొందల రెట్లు మసక. ఆ వేళప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పడమటి వీధి పొగ సరిగ్గా నేను చూసే వైపు నుంచే వస్తుంది. నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

2017లో అర్జెంటీనాలో ఇలాంటి మాటు కోసమే నాసా వాళ్ళు 24 టెలిస్కోపులు దింపారు. న్యూహొరైజన్స్ నౌక పోయి చూడబోయే అరోకోత్ అనే బండ నీడ కోసం. అక్కడి అధికారులు హెడ్‌లైట్లు పడకుండా హైవే మూయించారు, వీధి దీపాలు ఆర్పించారు, గాలికి అడ్డంగా లారీలు నిలబెట్టించారు. ఐదు టెలిస్కోపులకి చుక్క ఆరింది. ఆ బండ రెండు ముద్దలు అతుక్కున్నట్టు ఉందని నౌక చేరకముందే అనుమానించగలిగారు. నాకు హైవే అక్కర్లేదు. ఒక్క మంట నలభై నిమిషాలు ఆగితే చాలు.

మా మామగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆ కుర్రాళ్ళలో సగం మంది తండ్రులు ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళే. చొక్కా తొడుక్కుని వీధి మొదటికి వెళ్ళారు. నేను వెనకే నిలబడ్డాను. ఆయన గ్రహాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"మా అల్లుడు పొద్దున్న నాలుగూ నలభైకి ఒక పని పెట్టుకున్నాడ్రా. అది అయ్యాక మొదటి కట్టె ఆయన చేత్తోనే వేయిద్దాం. ఎవడైనా ముందంటించాడో, సంకురాత్రి ఎళ్ళాక నాతో ఎక్కాలప్పజెప్పాలి."

మా వీధి ఒప్పుకుంది. పడమటి వీధికి వేరే మాస్టారు.

రాత్రి డాబా మీద అంతా బిగించి రిహార్సల్ చేశాం. సగం చంద్రుడు అర్ధరాత్రికల్లా దిగిపోతాడు కాబట్టి అతనితో పేచీ లేదు. మంచుతోనే పేచీ. పదింటికల్లా గొట్టం మీద చేత్తో రాస్తే నీళ్ళు. అత్తగారు ముగ్గుపిండి కలుపుతూ పైకొచ్చి చూశారు.

"ఏటి బాబూ, ఈ సలిలో? సెవులకి మఫ్లరైనా సుట్టుకో."

ఆవిడ వెనక్కి తిరిగేసరికి ఫోన్లో టైము 11:08. అంత దూరం నుంచి వెలుగు రావడానికి ఐదున్నర గంటలు పడుతుంది. అంటే నేను తెల్లవారుజామున పట్టాలనుకుంటున్న నీడ సరిగ్గా అప్పుడే ఆ బండని వదిలి బయల్దేరింది. ఈ మాట అత్తగారితో అంటే "దానికీ సలేస్తాది పాపం" అని మెట్లు దిగారు.

మూడో రోజు: భోగి

మూడున్నరకి లేచాం. టెలిస్కోపు చిన్న అద్దం మంచుతో మసకబారి ఉంది. మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్ పట్టుకుని బావమరిది దాన్ని వేడి చేశాడు. 4:05కి చుక్క దొరికింది. తెరమీద నాలుగు చుక్కలు. ఒకటి మనది, ఒకటి పెద్దది, ఇంకో రెండు జంట. సెకనుకి ఐదు ఫ్రేములు. ప్రతి ఫ్రేము కింద జీపీఎస్ టైము.

4:18కి పడమటి వీధిలో వెలుగు లేచింది. డప్పులు, కేకలు. రెండు నిమిషాల్లో పొగ డాబా మీదికొచ్చింది. కాలిన టైరు వాసన. కట్టెలు చాలక టైరు పడేశారు కాబోలు, అది తలుచుకుంటే నాకింకా మండుతుంది.

తెరమీద నాలుగు చుక్కలూ ఒక్కసారే పాలిపోయి మళ్ళీ తేరుకున్నాయి. మళ్ళీ పాలిపోయాయి. 4:31కి జంట పూర్తిగా పోయి వచ్చింది. రికార్డింగ్ ఆపలేదు. ఎక్స్‌పోజర్ పెంచుదామా అని చెయ్యి పోయింది కానీ, మధ్యలో మారిస్తే లెక్క పాడవుతుందని వెనక్కి తీసుకున్నాను. 2014 మార్చిలో ఎరిగోన్ అనే గ్రహశకలం సాక్షాత్తూ మఖ నక్షత్రాన్నే మాటేసింది. కంటితో చూడగలిగిన మాటు అది. నీడ న్యూయార్క్ మీదుగా పోయింది. వేలమంది ఎదురుచూశారు, మబ్బులు కమ్మేశాయి. వాళ్ళకి మబ్బు, నాకు టైరు.

4:37. మామగారు కూడా పైకొచ్చారు, చలికి దుప్పటి కప్పుకుని.

4:38 దాటాక పొగ మళ్ళీ దట్టమైంది. అన్నీ పాలిపోతున్నాయి.

"బావా, పోయింది!"

"పొగరా అది."

"కాదు బావా, మనది ఒక్కటే పోయింది, పెద్దది ఉంది చూడు!"

నాకు అన్నీ మసగ్గానే ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు, పొగవల్లే. ఏదో అనేలోపు చుక్క తిరిగి వచ్చింది, లేదా పొగ తగ్గింది. నేను పొగేనన్నాను, వాడు కాదన్నాడు. 4:50 దాకా రికార్డ్ చేసి ఆపేశాం. కింద వీధిలో కుర్రాళ్ళు "అల్లుడుగారో!" అని కేకలు పెడుతున్నారు. దిగి వెళ్ళి మాటప్రకారం మొదటి కట్టె నేనే వేశాను. మొహం మాడిపోయి ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

బారువ ఫోను 5:20కి వచ్చింది. అక్కడ మూడింటి నుంచి సముద్రం మీద పొగమంచు, చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదట. ఇరవై నిమిషాలు తెల్లటి తెర రికార్డ్ చేశాడు. విజయనగరంలో ఆకాశం అద్దంలా ఉంది. కానీ చుక్క రెప్ప కూడా వెయ్యలేదు.

"మొత్తం రాత్రి దండగరా," అన్నాడు వాడు.

తలంటు, కొత్తబట్టలు, పులిహోర, గారెలు అయ్యాక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నాలుగు చుక్కల వెలుగునీ విడివిడిగా కొలిచి గ్రాఫు గీయాలి. పొగ రాసిన రాత ఎలా ఉంటుందో ముందు తెలుసుకున్నాను. నాలుగు గీతలూ కలిసి దిగుతాయి, కలిసి లేస్తాయి, ఇరవై ముప్పై సెకన్లు తీసుకుని, గుట్ట దిగినట్టు. 4:38 దగ్గరికి జరిపాను. మిగతా మూడు గీతలూ గుట్ట దిగుతున్నాయి. మనది కూడా వాటితోపాటు దిగుతూ దిగుతూ, 4:38:14.2 దగ్గర ఒక ఫ్రేములో ఉంది, పక్క ఫ్రేములో లేదు. గోడ. ముప్పై రెండు ఫ్రేములు నేలని పాకింది. 4:38:20.6కి అదే గోడ ఎక్కింది. ఆ వేళకి పెద్దది, జంట ఇంకా మసకలోనే ఉన్నాయి.

మెల్లగా మసకబారకపోవడం కూడా ఒక సమాచారమే. 1988లో ప్లూటో మాటేసినప్పుడు చుక్క ఉన్నట్టుండి ఆరలేదు, వెలుగు క్రమంగా తగ్గింది. ప్లూటోకి పల్చటి గాలిపొర ఉందని అలా ఖాయమైంది. మన బండకి అలాంటిదేమీ ఉన్నట్టు లేదు. గీతని రెండువైపులా వెతికాను, వలయం లాంటి మినుకేమీ లేదు. ఉన్నా ఆ పొగలో చిక్కేది కాదు.

బావమరిదిని పిలిచి చూపించాను. వాడు గ్రాఫు చూడలేదు, నా మొహం చూశాడు.

"పొగ కదా బావా?"

సాయంత్రం దాకా పదిమందికి చెప్పాడు.

6.4 సెకన్లు, ఇంటూ ఇరవై, ఇంచుమించు 130 కిలోమీటర్ల జ్యా. అంచనా వేసిన వ్యాసం 170. అంటే బండని మేం నడుమన కోయలేదు. మధ్యనుంచి 55 కిలోమీటర్లు పక్కకి కోశాం. ఉత్తరం పక్కా, దక్షిణం పక్కా? మా ఒక్క గీతతో అది ఎప్పటికీ తెలీదు. మామగారు కాగితం మీద వృత్తం గీశారు. నడుమ మాకు దక్షిణాన ఉంటే విజయనగరం సరిగ్గా దాని కింద పడాలి. ఎనిమిది సెకన్లు చుక్క ఆరాలి. ఆరలేదు. కాబట్టి నడుమ ఉత్తరాన ఉంది. లెక్కలు చెప్పినదానికంటే నీడ 55 కిలోమీటర్లు పైకి జరిగింది. ఆకాశంలో అది ఒక ఆర్క్‌సెకండ్‌లో, అంటే డిగ్రీలో 3600వ వంతులో, ఐదొందలో వంతు. గయా ఉపగ్రహం చుక్కల స్థానాలు అంత కచ్చితంగా ఇచ్చాక కూడా బండ కక్ష్యలో ఆ మాత్రం తేడా మిగిలిందన్నమాట. వచ్చేసారి అది సరిదిద్దుకుంటారు.

విజయనగరం ఫోన్ చేసి, "నీ చుక్క ఆరకపోబట్టే మాది పనికొచ్చిందిరా, ఫైలు చెరపకు," అన్నాను. పొద్దుట్నుంచి అలిగి పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. కాసేపాగి, "అంటే బారువలో..." అన్నాడు.

అవును. బారువ దాదాపు నడుమనే ఉంది. ఎనిమిది సెకన్ల పైన, అన్నిటికంటే పొడుగు గీత అక్కడ రావాలి. ఆ సంగతి బారువ వాడికి ఎవరు చెప్పాలని ఇద్దరం కాసేపు వాదులాడుకున్నాం.

ముక్కనుమ: తిరుగు ప్రయాణం

కనుమ నాడు కాకైనా కదలదని అత్తగారు కదలనివ్వలేదు. సంక్రాంతి, కనుమ తిండితో గడిచిపోయాయి. వాటి గురించి రాసేందుకేమీ లేదు, నడుము దగ్గర ప్యాంటు మాత్రం బిగిసింది.

ముక్కనుమ పొద్దున్న శ్రీకాకుళం వచ్చి అరసవల్లి గుళ్ళో ఆగాం. మార్చిలో, అక్టోబర్లో కొన్ని రోజులు మాత్రమే పొద్దుటి కిరణాలు తిన్నగా లోపలికొచ్చి సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి. గుడి కట్టినవాళ్ళు ఆ వెలుగు దారిని ఎన్నేళ్ళు గమనించి ఆ ద్వారం పెట్టారో అని నేను ఆలోచిస్తుంటే, మా ఆవిడ "మార్చిలో మళ్ళీ వద్దాం, గొట్టం లేకుండా," అంది. సరేనన్నాను. మార్చిలో ఏయే మాటులున్నాయో అప్పటికి చూసుకోలేదు.

గంట్యాడ దారిలో స్నేహితుణ్ణి ఎక్కించుకున్నాం. రిపోర్టు నింపుతున్నాడు. మాటు పడిందా అన్న చోట "లేదు" అని పెట్టి, స్థలం, ఎత్తు, టైము అన్నీ చివరి అంకె దాకా రాశాడు. బారువ వాడు కూడా రిపోర్టు పంపాడు, "పొగమంచు" అని ఒక్క మాట.

ఇంటికొచ్చాక టార్చి వేసి గొట్టంలోకి చూశాను. పెద్ద అద్దం నిండా నల్లటి నుసి, సన్నగా, మిరియప్పొడి జల్లినట్టు. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. డిస్టిల్డ్ వాటర్ తెచ్చి ధార పట్టాలి. రెండు వారాలైంది, ఇంకా తేలేదు.